ఈశాన్యం మూల ఎలుకలు

ఇంట్లో అనుమానపడితే తిడతారు. ఆఫీసులో అదే పనికి నాకు జీతం ఇచ్చారు. మందుల పరిశోధన చేసే సంస్థల్లో క్వాలిటీ అష్యూరెన్స్ అని ఒక విభాగం ఉంటుంది. ప్రయోగాలు మేం చేయం. చేసేవాళ్ల వెనకాల నిలబడి, చెప్పినట్టే చేశారా, చేసినట్టే రాశారా అని చూస్తాం. మేం గదిలోకి అడుగు పెడితే నవ్వులు ఆగిపోతాయి. టీకి పిలిచేవాళ్లు తక్కువ. నాకు దాని గురించి పెద్ద బాధ ఉండేది కాదు, ఎందుకంటే ఎవరైనా పిలిస్తే ఎందుకు పిలిచారా అని మళ్లీ అనుమానం.

ఈ గుణం ఉద్యోగంతో వచ్చిందని మా ఆయన ఒప్పుకోరు. చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, ఎవరు నిజంగా మూసుకున్నారో చూడటానికి నేను ఒక కన్ను తెరుస్తానని ఆయన ఆరోపణ. నేను తెరిచానని ఆయనకెలా తెలిసిందని అడిగితే పాటల పుస్తకం తెరుస్తారు. మోండా మార్కెట్‌లో వంకాయ తొడిమ ఎత్తి చూడకుండా కొన్న రోజు లేదు. "ఏందమ్మా, వంకాయలకు ఇంటర్వ్యూ పెట్టినవా?" అనేది అక్కడ కూరగాయలమ్మే ఆమె. ఇంటర్వ్యూలో తప్పిన వంకాయల్ని ఆమె మారు మాట్లాడకుండా వెనక్కి తీసుకునేది, అది వేరే సంగతి.

కొత్తగా ల్యాబుల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, మీరు పట్టుకున్న కేసు ఏదైనా చెప్పండి" అంటారు. దొంగను పట్టుకున్న కథ వస్తుందని వాళ్ల ఆశ. నేను చెప్పే కథలో దొంగ దొరకడు. రిటైరవడానికి కొంతకాలం ముందు, హైదరాబాద్‌లో కాప్రా దాటాక ఉన్న ఒక ల్యాబులో పనిచేస్తున్నప్పుడు జరిగింది.

మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే జబ్బు పేరు మీరు వినే ఉంటారు. క్రిముల మీద పోరాడాల్సిన మన రోగనిరోధక శక్తి దారి తప్పి, మెదడులో, వెన్నుపాములో నరాల మీదుండే పొరను కొరికేస్తుంది. కరెంటు తీగ మీది తొడుగు ఊడిపోయినట్టే అనుకోండి. అడుగులు తడబడతాయి, చూపు మసకబారుతుంది, కొందరికి కాళ్లు పడిపోతాయి. దానికి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు చాలాకాలంగా వాడుతున్నారు. అవి జబ్బును పోగొట్టవు, అది తిరగబెట్టే సార్లను తగ్గిస్తాయి. కాకపోతే తరచుగా పొడుచుకోవాలి, పొడుచుకున్న రోజు జ్వరమూ ఒళ్లునొప్పులూ తప్పవు. మా దగ్గరికి వచ్చిన విదేశీ కంపెనీ, ఒంట్లో ఎక్కువ రోజులు నిలిచి ఉండే కొత్తరకం ఇంటర్‌ఫెరాన్ చేశామంది. మనిషి ఇంటర్‌ఫెరాన్ ఎలుక ఒంటికి సరిగా పట్టదు. అందుకని అదే పద్ధతిలో ఎలుకకు సరిపడేది తయారుచేసి, పరీక్షించమని పంపింది.

ఎలుకలకు ఆ జబ్బు దానంతట అది రాదు. దానికి దగ్గరగా ఉండేదాన్ని మనమే తెప్పిస్తాం. కొన్నాళ్లకు ముందు తోక వాలుతుంది, తర్వాత వెనక కాళ్లు ఈడుస్తాయి, ఆ తర్వాత అసలు కదలవు. అలాంటివాటికి తిండి తడిపి కేజ్ అడుగునే పెట్టాలి, ఎత్తుకు అందుకోలేవు కాబట్టి. అన్నేళ్లు చూసినా ఆ ఈడవడం నాకు అలవాటు కాలేదు. అలవాటైందని చెప్పేవాళ్లను నమ్మను కూడా నమ్మను.

రోజూ ఒక మనిషి ఒక్కో ఎలుకనూ చేతిలోకి తీసుకుని చూసి మార్కు వేయాలి. బాగుంటే సున్నా, తోక వాలితే ఒకటి, కాళ్లు బలహీనపడితే రెండు, వెనక కాళ్లు పూర్తిగా పడిపోతే మూడు. ఇక్కడ మార్కు ఎక్కువైతే జబ్బు ఎక్కువ. ఇది మిషను చూపించే అంకె కాదు, మనిషి కన్ను చెప్పే అంకె. కంటికి ఆశ ఉంటుంది. అందుకే మార్కు వేసే మనిషికి ఏ ఎలుకకు మందు పడింది, ఏ ఎలుకకు ఉత్త ద్రావణం పడింది తెలియకూడదు. ఆ కోడ్ ఫార్మసీలో ఒక్కరి దగ్గరే ఉంటుంది. అంతా అయ్యాక అందరి ఎదుటా తెరుస్తారు.

మార్కులు వేసే పని ఒక అమ్మాయిది. బోయిన్‌పల్లి పిల్ల, వాళ్ల నాన్నకు అక్కడి మార్కెట్‌లో కూరగాయల వ్యాపారం. నెమ్మదైన చేతులు, ఎలుక ఆమె అరచేతిలో తన్నుకునేది కాదు. నాతో అవసరానికి మించి మాట్లాడేది కాదు. మాట్లాడకపోవడం తప్పు కాదు, అయినా నేను మనసులో ఒక మూల గుర్తుపెట్టుకున్నాను.

మంచి ఎండల్లో, పరీక్ష ఇంకా నడుస్తుండగానే, ఒక మధ్యాహ్నం కారిడార్‌లో స్వీట్ బాక్సు తిరిగింది.

"డైరెక్టర్ సార్ పంపిండు మేడం. ఇంటర్‌ఫెరాన్ సూపర్ పనిచేస్తుందంట," అన్నాడు బాక్సు పట్టుకొచ్చిన మనిషి.

మైసూర్‌పాక్ చేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. కోడ్ ఇంకా తెరవలేదు. కొన్ని ఎలుకలు నడుస్తున్నాయి, కొన్ని ఈడుస్తున్నాయి, అంతవరకే ఎవరికైనా తెలియాలి. నడిచేవి మందు పడినవేనని డైరెక్టర్‌కు ఎవరు చెప్పారు? పైగా ఇంటర్‌ఫెరాన్ అంటే దెబ్బను తగ్గించే మందు. ఇక్కడ సగం ఎలుకలు జబ్బే రానట్టు పరిగెడుతున్నాయట. మంచి వార్త మరీ మంచిగా ఉంటే నాకు అనుమానం మొదలవుతుంది.

ఆ మైసూర్‌పాక్ తినలేదు. టిష్యూలో చుట్టి ఇంటికి తెచ్చాను. మా ఆయన తిని, "సాక్ష్యం బాగుంది" అన్నారు.

మర్నాటి నుంచి నా కన్ను ఆ అమ్మాయి మీద పడింది. ఎవరి చేతిలో మార్కులుంటే వాళ్ల మీదే ముందు పడాలి, అందులో మొహమాటం లేదు. సాయంత్రం గేటు దగ్గర ఒక కుర్రాడు ఆటోలో కూర్చుని ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు. పాతికేళ్లుంటాయేమో. దిగి నిలబడటానికి చేతికర్ర ఆనించుకున్నాడు. కుడికాలు నేల మీద రాస్తూ పెట్టాడు. ఆ కాలు పెట్టే తీరు నాకు ఎక్కడో చూసినట్టనిపించింది, ఎక్కడో కాసేపటికి గుర్తొచ్చింది. మా కేజ్‌ల్లో చూశాను.

"ఎవరు ఆ అబ్బాయి?" అని వాచ్‌మన్‌ను అడిగాను.

"ఆ మేడం తమ్ముడమ్మా. ఏదో నరాల బీమారి అంట. హాస్పిటల్‌కు పోయే రోజు గిట్ల వస్తడు, అక్కను తోలుకొని పోతడు."

ఇంకేం కావాలి? మందు పనిచేయాలని ఈ భూమ్మీద అందరికంటే ఎక్కువ కోరుకునే మనిషి చేతిలోనే మార్కులున్నాయి. కోరుకోవడం నేరం కాదు. కానీ కాలు ఈడుస్తోందా లేదా అని ఎటూ తేల్చుకోలేని క్షణంలో, కన్ను ఎటువైపు మొగ్గుతుంది? రాత్రంతా నిద్ర పట్టలేదని చెబితే అబద్ధం అవుతుంది, బాగానే పట్టింది. కేసు దొరికినప్పుడు నాకు నిద్ర బాగా పడుతుంది.

తర్వాత రెండు మూడు రోజులు ఎలుకల్ని ఉంచే యానిమల్ హౌస్ తలుపుకుండే అద్దంలోంచి గమనించాను. అందరూ భోజనానికి వెళ్లే వేళకు ఆమె ఆ గదిలోకి పోతోంది. రాక్‌ల్లో వరసగా పెట్టిన కేజ్‌ల మీది కార్డులకు తెల్లకాగితాలు అంటించి ఉన్నాయి. ఆమె కేజ్‌లవైపు వీపు పెట్టి గోడకేసి నిలబడుతోంది. అక్కడ పనిచేసే ఆయమ్మ ఎలుకల్ని ఏదో డబ్బాలో పెట్టి ఆమె చేతికి అందిస్తోంది. పద్ధతి ప్రకారం కేజ్ దగ్గరికి వెళ్లి, కార్డు చూసి, ఎలుకను తీసి మార్కు వేయాలి. ఇదేం నాటకం? ఏ ఎలుకను ఎప్పుడివ్వాలో ఆయమ్మతో ముందే మాట్లాడుకుందా?

నాలుగో రోజు చెప్పకుండా లోపలికి వెళ్లాను. గౌను, మాస్కు, కాళ్లకు తొడుగులు వేసుకుని తలుపు తీసేసరికి ఆయమ్మ చేతిలో డబ్బా ఉంది, అమ్మాయి గోడకేసి నిలబడి ఉంది.

"ఈ పద్ధతి ఎక్కడ రాసుందమ్మా?" అన్నాను.

ఆమె తిరగలేదు. "ఎక్కడ లేదు మేడం. నేనే పెట్టుకున్న."

"ఎందుకు?"

"రాక్‌లు సర్దేటప్పుడు మాటలు చెవిల వడ్డయ్, ఏ రాక్ మందుదో నాకు తెల్సిపోయింది. అందుకే అటు చూస్తలేను."

నేను ఊహించిన జవాబుల్లో ఇది లేదు. ఆయమ్మే మిగతాది చెప్పింది. "రెండు రాక్‌లల్లకెళ్లి కలగలిపి తెమ్మంటది మేడం. ఏది ఎక్కడిదో నేను సుత చెప్పొద్దంట. మార్కు చెప్పినంక నేను నంబర్ చదువుత. చేతులు గుంజుతున్నయ్ తిరిగి తిరిగి."

"రాక్ సంగతి తెలిసినప్పుడు మాకెందుకు చెప్పలేదు?"

"మా మేనేజర్‌కు చెప్పిన మేడం. నీ పని నువ్వు చూసుకో అన్నడు. మీ దగ్గరికి వద్దామనుకున్న. భయమైంది."

ఇది కూడా నాటకంలో భాగమే కావచ్చు కదా. నేను నమ్మలేదు. నేనూ డబ్బా తీసుకున్నాను. నాకు ఇష్టం వచ్చిన కేజ్‌లోంచి ఇష్టం వచ్చిన ఎలుకను తీసి ఆమె చేతిలో పెట్టాను. మార్కు చెప్పింది. తర్వాత నేను చూశాను. మళ్లీ తీశాను, మళ్లీ చూశాను. ఒక్కటీ తప్పు పోలేదు. తలుపుకు ఎదురుగా నైరుతి మూలనున్న రాక్‌లో ఎలుకలు ఈడుస్తున్నాయి. ఈశాన్యం మూలన గోడకు ఆనించిన రాక్‌లో ఎలుకలు నడుస్తున్నాయి. ఆమె చెప్పిన మార్కులు నిజం, ఎలుకలు నిజంగానే నడుస్తున్నాయి. నాకు సంతోషం కలగాలి. చిరాకు కలిగింది.

అప్పుడు గోడ అవతల కంప్రెసర్ మోటర్ షురూ అయింది. ఆ ఎండాకాలం బోరు అడుగంటి, నీళ్లు పైకి లాగడానికి కొత్తగా పెట్టించిన మోటర్ అది. హైదరాబాద్‌లో ఎండాకాలం గడిపిన వాళ్లకు ఆ దడదడ చెప్పక్కర్లేదు. మా గదిలో మనుషులకు అదేం పట్టలేదు. ఈశాన్యం రాక్‌లో మాత్రం ఎలుకలన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోయి, కేజ్ మూలలకు పోయి ఒకదాని మీదొకటి ఒదిగాయి. నైరుతి రాక్‌లో ఒక కుంటి ఎలుక నింపాదిగా తడి మేత తింటోంది.

గ్లవ్స్ వేసుకున్న చెయ్యి ఈశాన్యం రాక్ మీద పెట్టాను. ఇనుము వణుకుతోంది. చేతిలోంచి మోచేతిదాకా పాకింది.

"ఇది రోజూ ఎంతసేపు నడుస్తుంది?" అని ఆయమ్మను అడిగాను.

"నీళ్లు ఎక్కేదాంక మేడం. ఆగుతది, మల్ల షురూ అయితది. పొద్దుమాపు అదే తక్లీఫ్."

బయటికి వచ్చి యానిమల్ హౌస్ సూపర్‌వైజర్‌ను పిలిపించాను. చాలాకాలంగా పనిచేస్తున్న మనిషి, ఎలుకల్ని ప్రాణంగా చూసుకునేవాడు, అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి. "రెండు రకాల కేజ్‌లూ కలిపి సర్దాలి కదా, మందు పడేవన్నీ ఒక రాక్‌లోకి ఎలా చేరాయి?" అని అడిగాను.

"గదేం లేదు మేడం. మొన్న పరీక్ష మొదట్ల వాస్తు పంతులు వచ్చిండు గదా, రెండు కాంట్రాక్టులు పోయినయని సార్ పిలిపించిండు. నైరుతిల బరువుండాలె, మందు ఈశాన్యంల ఉండాలె అన్నడు పంతులు. సార్ చెప్పిండు, నేను పెట్టిన."

"ఏ కేజ్‌లో మందు ఉందో నీకెలా తెలిసింది?"

"ఫార్మసీల అడిగిన. గీ కేజ్‌లల్ల ఏవి మందువో జెర చెప్పన్నా, ఈశాన్యంల పెట్టాలె అన్న. చెప్పిండు." చెవులు ఎర్రబడలేదు. తప్పు చేశానన్న ఊహే అతనికి లేదు. "ఏందీ మేడం, మందు మంచి జాగల ఉంటె మంచిదే గదా?"

ఏమనాలి? ఆ గోడ అవతల బోరు ఎందుకుందో నాకు తెలుసు. ఈశాన్యంలోనే నీళ్లుండాలని బిల్డింగ్ కట్టినప్పుడే ఇంకో పంతులు చెప్పి ఉంటాడు. ఒక పంతులు బోరును ఆ మూలకు పంపాడు, ఇంకో పంతులు మందును ఆ మూలకు పంపాడు. ఇద్దరూ కలిసి మా పరీక్షను ముంచారు. మా ఇంట్లో బోరూ ఈశాన్యంలోనే ఉంది. మేం క్రైస్తవులమయ్యా, మాకు పట్టింపు లేదు అన్నా మేస్త్రీ వినలేదు, "మీకు లేకుంటె మాయె, నాకుంది గదమ్మా" అని అక్కడే వేయించాడు. కాబట్టి నవ్వే హక్కు నాకు పెద్దగా లేదు.

మా వెటర్నరీ డాక్టర్‌కు సంగతి చెబితే ఆయన కుర్చీలోంచి లేచాడు. భయపడిన ప్రాణి ఒంట్లో స్టిరాయిడ్ లాంటి హార్మోన్ ఊరుతుంది. మల్టిపుల్ స్క్లిరోసిస్ ముదిరినప్పుడు పేషెంట్లకు డాక్టర్లు ఇచ్చేది కూడా స్టిరాయిడే. అది రోగనిరోధక శక్తిని అణిచిపెడుతుంది. రోజంతా వణికే రాక్‌లో బతికిన ఎలుకలకు ఆ భయమే మందయి ఉండొచ్చన్నాడు. తేల్చుకోవడానికి మార్గం ఒకటే. జబ్బు తెప్పించి, ఏ మందూ ఇవ్వని ఎలుకల్ని కొన్ని అదే మూలన పెట్టాం, కొన్ని దూరంగా పెట్టాం. దూరంగా ఉన్నవి కాళ్లు ఈడ్చాయి. ఈశాన్యం మూలవి నడిచాయి.

ఆ సంగతి పట్టుకుని డైరెక్టర్ గదికి వెళ్లాను. ఆయన మర్యాదస్తుడు, ఎప్పుడూ "రండి మేడం, కూర్చోండి" అంటాడు. అంతా విన్నాక పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

"రిపోర్టులో వాస్తు అని రాస్తారా మేడం? ఫారిన్ క్లయింట్. నవ్వుతారు. ఇంకెప్పుడైనా మన గడప తొక్కుతారా?"

"జరిగింది అదే కదండీ."

"జరిగింది చాలా ఉంది. ఆ అమ్మాయి తమ్ముడికి అదే జబ్బట కదా. మనకు చెప్పకుండా మార్కులు వేసింది. పద్ధతి మార్చింది, అదీ చెప్పలేదు. స్కోరింగ్‌లో లోపం అని రాయండి. ఆమెను పంపించేద్దాం, వేరేవాళ్లతో మళ్లీ చేయిద్దాం. నీట్‌గా అయిపోతుంది. మీరు కూడా మొదట ఆమెనే అనుమానించారు కదా?"

అవును, అనుమానించాను. అందుకే నాకు అంత కోపం వచ్చింది. అనుమానం అంటే చూడటానికి మొదటి మెట్టు. చూశాక కూడా అక్కడే కూర్చుంటే అది అనుమానం కాదు, సౌకర్యం. నా అనుమానాన్ని ఆయన తన తప్పుకు మూతగా వాడుకోబోతున్నాడు.

"ఆమె అటు తిరిగి గోడకేసి నిలబడి ఉండకపోతే, ఇవాళ మనం ఎలుకలు నిజంగా నడిచాయో, ఆమె నడిపించిందో తేల్చుకోలేకపోయేవాళ్లం," అన్నాను. "ఆమె మార్కులు నమ్మబట్టే మోటర్ దాకా వెళ్లగలిగాం. స్కోరింగ్‌లో లోపం అని నేను రాయను. మీరు రాయించుకుంటే కింద నా సంతకం ఉండదు. సంతకం ఎందుకు లేదని క్లయింట్ అడిగితే వాస్తు పంతులు నుంచి మొదలుపెట్టి చెబుతాను."

ఆయన పెన్ను మూత పెట్టేశాడు. నామీద ఆయనకు గౌరవం ఉందని నేననుకోను. నేను అన్నంత పనీ చేస్తానని మాత్రం తెలుసు. చివరికి రిపోర్టులో వాస్తు అనే మాట రాలేదు, 'యాజమాన్యం దిక్కులను బట్టి కేజ్‌ల స్థానం మార్చించింది, ఆ క్రమంలో కోడ్ బయటపడింది' అని వచ్చింది. క్లయింట్ నవ్వాడో లేదో తెలియదు. రెండోసారి చేయమన్నాడు, ఈసారి తన మనిషి వచ్చి చూస్తాడన్నాడు. నాకు నచ్చింది, నాలాంటివాడు ఇంకొకడున్నాడని.

ఆ అమ్మాయికి ఉద్యోగం ఉంటుందని చెప్పడానికి క్యాంటీన్‌కు పిలిచాను. సంతోషిస్తుందనుకున్నాను. టీ ముట్టుకోలేదు.

"మేడం, ఒక మాట చెప్పాలె. ఇంట్ల నేను నోరు జారిన. మా ఎలుకలు నడుస్తున్నయ్‌రా, కొత్త మందు వస్తదిరా అని తమ్మునికి చెప్పిన. వాడు పాత సూది బంద్ చేసిండు. జ్వరం పడలేక పరేషానైండు మేడం, పాపం. కొత్తది వచ్చినంక అదే వేసుకుంట అంటున్నడు."

పరీక్షలో సంగతులు బయట చెప్పకూడదని నేను గట్టిగా అనాల్సిన చోటు అది. అనలేకపోయాను. వాడి కుడికాలు నేలకు రాసుకోవడం కళ్ల ముందు ఆడింది. సూది ఆపేసి ఎదురుచూస్తున్నాడు, ఒక పంపుసెట్టు వణుకును నమ్ముకుని.

"మోటర్ సంగతి చెప్పావా?"

"చెప్పిన. నమ్ముతలేడు. సూది మళ్ల పొడిపిద్దామని ఉత్తగ చెప్తున్నవ్ అక్కా అంటడు. రెండోపాలి ఏమొస్తదో చూసినంకనే అంట." టీ గ్లాసు పక్కకు జరిపి, "మేడం, రెండోపాలి మార్కులు నేను వేయను. వేరేవాళ్లకు ఇయ్యుండ్రి" అంది.

"ఎందుకు?"

"నా కండ్ల మీద నాకే భరోసా లేదు. మందు పనిచేయాలె అని అంత గనం కోరుకుంటున్న. మీరెట్ల నమ్ముతరు?"

"నేనెప్పుడు నమ్మానన్నాను?" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. నేను తొందరగా మాట మార్చలేదు, అలవాటు లేదు. "నువ్వే వేయి. నేను పక్కన కూర్చుంటాను. నువ్వు చూసిన ప్రతి ఎలుకనూ నేనూ చూస్తాను. నీ మార్కు నాకు చెప్పొద్దు, నాది నీకు చెప్పను."

ఆమె మొదటిసారి నన్ను సూటిగా చూసింది. "అంటే రోజూ నన్ను అనుమానిస్తరా?"

"రోజూ."

"అయితే చేస్త మేడం," అంది. అప్పుడు టీ తాగింది.

వానలు మొదలయ్యాక రెండో పరీక్ష జరిగింది. వేరే గది, గోడలకు దూరంగా రాక్‌లు, కలగలిపిన కేజ్‌లు. కోడ్ ఫార్మసీ వాళ్ల చేతికి కూడా ఇవ్వలేదు, క్లయింట్ మనిషి తన దగ్గరే పెట్టుకున్నాడు. సూపర్‌వైజర్‌కు దిక్కుల ప్రసక్తి వద్దని ముందే చెప్పాను. "ఇగ నేను ఉత్తరం ఎటుందో సుత చూడ మేడం," అన్నాడు. రోజూ ఆ అమ్మాయీ నేనూ ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చునేవాళ్లం. ఆయమ్మ ఎలుకను ఇచ్చేది, ఆమె చూసి రాసేది, నేను చూసి రాసేదాన్ని. ఆమె చూసే తీరు నేను ఓరకంట గమనించేదాన్ని. ఎటూ తేలని ఎలుక వస్తే ఆమె పెదవి కొరుక్కునేది. అప్పుడు నా అనుమానం లేచి కూర్చునేది, ఇదిగో ఇప్పుడు మొగ్గుతుంది అని.

చివరి రోజు మా ఇద్దరి మార్కులూ పక్కపక్కన పెట్టాం. దాదాపు అన్నీ కలిశాయి. కలవని కొన్నింట్లో ప్రతిచోటా ఒకటే తీరు కనిపించింది. నేను ఒకటి వేసిన చోట ఆమె రెండు వేసింది. నేను రెండు వేసిన చోట మూడు వేసింది. నేను పట్టుకోవడానికి కూర్చున్న మొగ్గు ఉంది, కానీ నేను కాపలా కాసిన వైపు కాదు. ఆమె తన ఆశను తానే నమ్మక, అనుమానం వచ్చిన ప్రతి ఎలుకనూ జబ్బు వైపే రాసింది. ఆ వరస చూసి నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. ఏడ్చానని ఆయమ్మ ఊరంతా చెప్పింది. చెప్పనీండి, నిజమే.

క్లయింట్ మనిషి కోడ్ తెరిచాడు. మందు పడిన ఎలుకలకూ జబ్బు వచ్చింది. కాకపోతే కొంచెం ఆలస్యంగా వచ్చింది, కొంచెం తక్కువగా వచ్చింది. కాళ్లు పూర్తిగా పడిపోయినవి తక్కువ. ఆమె మార్కులు తీసుకున్నా, నా మార్కులు తీసుకున్నా అదే తేలింది. అద్భుతం లేదు. ఇంటర్‌ఫెరాన్ ఎప్పుడూ చేసే పనే చేసింది. డైరెక్టర్ స్వీట్లు పంపలేదు.

సాయంత్రం చినుకులు పడుతున్నాయి. గేటు దగ్గర ఆటోలో వాళ్ల తమ్ముడు ఉన్నాడు. ఎండాకాలంలో చూసినప్పటికంటే వంగినట్టనిపించాడు, కర్ర మీద బరువు ఎక్కువ వేస్తున్నాడు. నేను తప్పుకుని పోదామనుకున్నాను. వాడే ఆపాడు.

"మేడం, మీరే గదా, ఎవర్నీ నమ్మరంట, అక్క చెప్పింది."

"అవును బాబూ, నేనే."

"పనిచేస్తది కానీ కొంచమే అంటుంది అక్క. గా మందు వచ్చేసరికి సుత యేండ్లు పడుతదంట. పాత సూది బంద్ చేయొద్దంట. నన్ను సముదాయిస్తుందో, భయపెడుతుందో సమజైతలేదు. మీరు చెప్పుండ్రి మేడం. నిజమేనా?"

రిపోర్టు బయటికి వెళ్లకముందు ఫలితం ఎవరికీ చెప్పకూడదు. అన్నేళ్లు ఆ నియమం తప్పినవాళ్లను పట్టుకోవడమే నా పని. ఆ అమ్మాయి వానలో నిలబడి నావైపు చూస్తోంది, తన మాటకు సాక్ష్యం కోసం.

"మీ అక్క వేసిన ప్రతి మార్కునూ నేను అనుమానించి చూశాను," అన్నాను. "కొంచెమే. కానీ ఆ కొంచెం నిజం."

వాడు తన కుడికాలు వైపు చూసుకున్నాడు. తర్వాత కర్రను ఆటోలో పెట్టి, అక్క భుజం పట్టుకుని ఎక్కాడు.

"అయితే దారిల మెడికల్ షాప్ దగ్గర ఆపమను అక్కా," అన్నాడు. "సూది తీసుకుందాం."